వన్నెలు నవ్వెడి గోడలు

ఫ్రాన్సుదేశపు గృహాలంకారమనగానే మనలో ననేకులకు వెర్సాయ్ రాజభవనమే మనస్సున మెదలును. 357 అద్దములు పొదిగిన దర్పణశాల, స్వర్ణలేపనము గల చట్రములు, పాలరాతి స్తంభములు, పట్టుతెరలు, వీనిని జూచినవాడు విస్మితుడగును గాని, అచ్చట కాళ్లు చాపుకొని యొక పుస్తకము చదువుకొనవలెనని యెవ్వరికిని దోపదు. ఆ వైభవము ప్రభువుయొక్క ప్రతాపమును ప్రకటించుటకై కల్పింపబడినదే గాని మనుష్యుని సేదదీర్చుటకై కాదు. ఆ రాజభవనమునకు అనతిదూరముననే, ఒక చిన్నయేటి గట్టున, వేరొక సౌందర్యము పెంపొంది, పల్లెయిండ్ల పడకగదులలోనికిని వంటయిండ్లలోనికిని ప్రాకి, నేటికిని అచ్చటి గృహస్థుల దినచర్యకు వన్నెపెట్టుచున్నది. పూలతీగల పరదాలు, ఒకదానితో నొకటి జతకుదురని కుర్చీలు, గోడలమీద వ్రేలాడు బొమ్మల పళ్లెములు, తాతలనాటి యలమారకు మనుమరాలు వేసిన ఆకుపచ్చరంగు, ఇవి గల గృహమున నడుగిడినవాని మొగమున దనకు దెలియకయే చిరునగవు మొలచును. పైకి స్వేచ్ఛావిహారముగా గనబడు నీ యలంకారము వెనుక గొప్ప క్రమము గలదనియు, ఆ క్రమమునకు మూలమైన విద్యలో గొంతభాగము మన తీరమునుండియే పోయినదనియు నేను నమ్ముదును.

ఇట్టి యిండ్లలో లోకమెల్ల నెఱిగినది జివెర్నీ గ్రామమునందలి క్లోద్ మోనే చిత్రకారుని గృహము. పారిస్ నగరమునకు వాయవ్యదిశయందు, సేన్ నదీప్రాంతమున నున్న యా పల్లెలో ఆయన 1883లో నొక యిల్లు అద్దెకు దీసికొని, 1890లో దానిని కొని, 1926లో మరణించువఱకును అందే నివసించెను. తన కుమారు లిద్దఱు, అలీస్ ఓషెడే యనునామె బిడ్డలు ఆఱుగురు, వచ్చిపోవు మిత్రులు, వీరితో నిత్యము నిండియుండెడి సంసారమది. వెలుపలి గోడలకు గులాబివన్నె, కిటికీ రెక్కలకు నిండు ఆకుపచ్చ. ఆ కాలమున సంపన్నుల యిండ్లలో ముదురువన్నెల తెరలు, నల్లబారిన చెక్క, బరువైన పట్టుకుచ్చులు మిక్కుటముగా వ్యాపించి, పట్టపగలే దీపము పెట్టవలసినట్లుండగా, మోనే తన భోజనశాలను ఆపాదమస్తకము పసుపుతో నింపెను. గోడలు పసుపు, అలమారలు పసుపు, కుర్చీలును పసుపే. పసుపులోనే లేతది యొకటి, ముదురుది యొకటి, రెండు ఛాయలు. ఆ పసుపుమీద నీలపు పింగాణీ, జపానుదేశపు చెక్కయచ్చు చిత్రములు. ప్రక్కనే వంటయిల్లు, దాని గోడలకు రువాన్ నగరపు నీలి చిత్రపలకలు, ఆ నీలిమమీద వరుసగా తళతళలాడు రాగిపాత్రలు.

భోజనశాలలో గూర్చున్నవానికి తెఱచిన ద్వారముగుండ నా నీలివంటయిల్లు కనబడును. పసుపుతో నిండిన కన్నులకు ఆ నీలము విశ్రాంతి నొసగును. నీలమును జూచి మరలిన దృష్టికి పసుపు మునుపటికంటె వెచ్చగా దోచును. ఒక వర్ణము ప్రక్కనున్న వర్ణముచే మాఱునను సూత్రమును, పారిస్ నగరపు గోబ్లాన్ రాజాస్థాన నేతశాలలో అద్దకపు విభాగమునకు అధ్యక్షుడై యుండిన మిషెల్ షెవ్రూల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1839లో గ్రంథరూపమున వివరించెను. నేతశాలలోని నల్లనూలు వెలవెలబోవుచున్నదని వచ్చిన ఫిర్యాదును బరిశీలింపబోయి, దోషము రంగునందు గాక దాని పొరుగునం దున్నదని యాయన గ్రహించెనట. తర్వాతి తరపు చిత్రకారులు ఆ సూత్రమును పటముమీద బ్రయోగించిరి. మోనే దానిలో నివసించెను. పైకి అల్లరిగా గానవచ్చు నీ యింట లెక్కకు మించిన రంగులు లేవన్న సంగతి గమనింపదగినది. గదికి ఒక్క వర్ణమే గృహిణి, తక్కినవి యతిథులు. వన్నెల యిల్లు కట్టుకొనగోరువారు మొట్టమొదట నేర్వవలసిన పాఠమిదియేయని నా నిశ్చయము. ఆ గృహమును జీర్ణోద్ధరణము గావించి 1980లో ప్రజలకు దెఱచిరి. నాటినుండి ఋతువు దప్పక అచ్చటికి జనులు తీర్థమునకు వలె బోవుచున్నారు.

మోనే రంగుపూతతో సాధించిన దానిని సామాన్య గృహస్థులు వస్త్రముతో సాధించిరి. పరదా, దుప్పటి, పరుపు గలీబు, కుర్చీ తొడుగు, మంచము చుట్టు తెర, గోడకు బిగించిన బట్ట, ఇవియే ఫ్రెంచి పల్లెగదికి ప్రాణము. ఆ వస్త్రచరిత్రమును దడవినచో మనము నేరుగా మచిలీపట్టణపు రేవునకు వచ్చి చేరుదుము. పదునేడవ శతాబ్దమున కోరమండలతీరపు అద్దకపుబట్టలు మార్సెయ్ రేవుగుండను, తరువాత ఫ్రెంచి కంపెనీ యోడలమీదను ఆ దేశమునకు జేరినపుడు, అచ్చటి జనులు కనివిని యెఱుగని వింత యొకటి వారి కంటబడెను: ఎన్ని మాఱులుదికినను వెలియని పూలు. వారి యచ్చుబట్టలలో రంగు పైపూతగా నిలిచి, నీటికి దొలగిపోవుచుండెను; మన బట్టలలో రంగు దారములోనే యింకియుండెను. గోల్కొండ సుల్తానుచే అనుమతి పొంది 1669లో ఫ్రెంచివారు మచిలీపట్టణమున తమ వర్తకస్థానము నెలకొల్పిరి. ఆ మఱుసటి యేటనే మోలియేర్ తన ప్రహసనములో, కొత్తగా డబ్బుచేసి పెద్దమనిషి కాగోరు ముస్యూ జూర్దాన్‌చేత నీ యద్దకపుబట్టతో గుట్టిన అంగరఖా తొడిగించెను. అనగా నప్పటికే అది ప్రతిష్ఠకు జిహ్నమైనదన్నమాట.

వ్యామోహ మధికమగుకొలదిని స్వదేశపు పట్టు, ఉన్ని నేతగాండ్రు గోలపెట్టిరి. 1686లో రాజశాసనము వెలువడెను: ఇట్టి బట్టలను దిగుమతి చేయరాదు, దేశములోనే అచ్చువేయరాదు. పిమ్మట వచ్చిన శాసనములు ధరించుటను గూడ నిషేధించినవి. డెబ్బదియేండ్లకు పైగా నడచిన యా నిషేధము ఎంత నిష్ఫలమయ్యెననగా, రాజునకు మిగుల నాప్తురాలైన మదామ్ ద పోంపదూర్ బెల్‌వ్యూ భవనపు గదులలోనే నిషిద్ధవస్త్రములు వ్రేలాడుచుండెను. జనులు తమ యింటిలో నుంచుకొనగోరిన వన్నెను శాసనము వెళ్లగొట్టలేకపోయెను. తుదకు 1759లో నా నిషేధమును ఎత్తివేసిరి. ఆ సంవత్సరముననే, ఏప్రిల్ మాసములో, ఆంగ్లసేనలు కర్నలు ఫోర్డు నాయకత్వమున మచిలీపట్టణపు కోటను ఫ్రెంచివారినుండి గైకొనినవి. ఏ రేవునుండి వారికి బట్ట వచ్చుచుండెనో ఆ రేవు చేజాఱిన యేటనే ఆ బట్టను తమ యింటనే చేసికొనుటకు వారికి దారి తెఱచుకొనుట చరిత్రలో నరుదుగా దటస్థించు సంయోగము.

దారి తెఱచుకొనుటకు మునుపే విద్య యాదేశమునకు జేరియుండెను. 1734 ప్రాంతమున బోలియ్యో యను నావికోద్యోగి పుదుచ్చేరిలో చిత్రకారుల యెదుట నిలిచి, అద్దకములో నొక్కొక్క దశ ముగిసినపు డొక్కొక్క గుడ్డముక్క నడిగి తీసికొని, వివరము వ్రాసి పంపెను. 1742లో కేర్దూ అను జెసూట్ మతగురువు తన లేఖలో ఆ ప్రక్రియను సవిస్తరముగా వర్ణించెను. ఈ కేర్దూ మనకు స్మరణీయుడు. తెలుగు నేర్చి, తెలుగు, సంస్కృత, ఫ్రెంచి భాషలకు నిఘంటువు కూర్చినవాడు, సంస్కృతమునకు గ్రీకు లాటిను భాషలతో గల బాంధవ్యమును పారిస్ పండితులకు విన్నవించినవాడు. కరక్కాయ కషాయమును గేదెపాలను గలిపి బట్టను నానబెట్టుట, తుప్పుపట్టిన యినుమును పులిసిన ద్రవమున నూరవేసి నల్లని గీతకు సిద్ధపఱచుట, ఎఱుపు నిలువవలసిన చోటులందు పటికనీటిని దిద్ది బట్టను చిరివేరుతో గలిపి కాచుట, నీలము సోకగూడని తావులను మైనముతో గప్పుట, ఇవన్నియు ఆ లేఖలవలన ఫ్రాన్సుదేశపు వర్ణశాలలకు దెలిసినవి. కృష్ణానదీముఖమునందలి యిసుకనేలలలో బెరిగిన చిరివేరు ఆ కాలమున ఎఱుపునకు సాటిలేనిదని ప్రఖ్యాతిగాంచెను. ఫ్రెంచివారు దాని స్థానమున తమ దేశపు మంజిష్ఠజాతి వేరును వాడుకొనిరి. పటికనీటిని నూలుబట్టమీద దిద్దు రహస్యము మాత్రము ఇచ్చటిదే.

1760లో క్రిస్టోఫ్ ఫిలిప్ ఓబెర్కాంఫ్ అను జర్మనుదేశపు అద్దకపు కుటుంబములోని యువకుడు, ఇరువదిరెండేండ్లు నిండనివాడు, వెర్సాయ్‌కి దాపున బియేవ్ర్ యేటి యొడ్డున జూయీ గ్రామములో నొక చిన్నయింట అద్దకము నారంభించెను. ఆ యేటి నీటియందు బట్ట నుతికి, ప్రక్కనున్న పచ్చికబయళ్లమీద బఱచి యెండకు దెల్లబఱచుచుండిరి. కొయ్యయచ్చులతో మొదలిడి, 1770లో రాగిరేకుల యచ్చును జేపట్టి, తర్వాత స్తంభాకారపు రాగియచ్చును గూడ నెలకొల్పి, ఆయన వెయ్యిమందికి పైగా పనివారిని బోషించు కర్మాగారమును నిర్మించెను. సన్నని కుంచెలతో నీలము పసుపు దిద్దుటకు స్త్రీలు ప్రత్యేకముగా నియమింపబడిరి. నేడు జూయీ వస్త్రమనగానే తెల్లని నేలమీద ఎఱ్ఱని యేకవర్ణమున గొఱ్ఱెలకాపరులు, శిథిలాలయములు, ఊయలలూగు యువతులు గల బట్టయే అందఱకును దలపునకు వచ్చును గాని, ఆ కర్మాగారమున సింహభాగము పలువన్నెల పూలబట్టలే తయారైనవి. వానిని మఱచుట ఋతువంతటిని మఱచి యొక్క దినమును మాత్రము జ్ఞాపకముంచుకొనుట వంటిది.

ఏకవర్ణచిత్రముల రచయితలలో ముఖ్యుడు ఝాన్ బతీస్త్ ఉయే. ఈయన 1783లో జూయీకొఱకు వ్రాసిన మొదటి చిత్రమున కర్మాగారమునే విషయముగా గైకొని, ఉతుకువారు, ఆరవేయువారు, అచ్చు కొట్టువారు, కుంచె దిద్దు స్త్రీలు, అందఱను బట్టమీద నిలిపెను. శ్రమించినవారు తమ శ్రమఫలముమీదనే నిలిచిన యిట్టి పరదాను నేను మఱెచ్చటను జూడలేదు. ఆ యేడే పారిస్‌నుండి యెగిరిన వాయుగోళము గోనెస్ పల్లెలో దిగగా, దానిని భూతమని భ్రమించి పల్లెజనులు పంగలకఱ్ఱలతో బొడిచిరి. ఉయే దానిని గూడ వస్త్రమున కెక్కించెను. నిన్న ఊరిలో జరిగిన వింత నేడు పడకతెరమీద బొమ్మయగుట! కుర్చీల వీపులు సయితము వాయుగోళాకారమున చెక్కించుకొనిన కాలమది. ఫ్రెంచి గృహాలంకారములోని లీలకు మూలమిచ్చట నున్నది: ఇల్లు కాలమునకు దూరముగా గట్టుకొన్న మ్యూజియము గాదు, ఊరిమాటలలో తానును బాలుపంచుకొనునది.

ఈ లీల రాజవంశీయులకును బరిచితమే. షాంతియీ కోటలో 1737 ప్రాంతమున క్రిస్టోఫ్ ఉయే చిత్రించిన గదిలో గోడలనిండ వస్త్రాభరణములు దాల్చిన కోతులు, మనుష్యులవలెనే సంగీతము, వేట, శాస్త్రచర్చ సాగించుచున్నవి. ఇరువదవ శతాబ్దమున ఝాన్ కోక్తో సముద్రతీరపు సాంతో సొస్పీర్ భవనపు గోడలన్నిటిమీదను పురాణమూర్తుల రేఖలు గీచెను. గోడ నిర్జీవమైన దడి గాదనియు, దానికిని మాటాడు నధికారము గలదనియు ఆ దేశపు కళాకారులు తలచిరి.

వీరందఱలో నా యభిమానము మదలేన్ కస్తేన్ (1894–1992) అను నామెపై హెచ్చు. పారిస్‌లో ఝాకోబ్ వీధియు బోనపార్త్ వీధియు గలియు మూల ఆమె ప్రాతవస్తువుల దుకాణముండెను. దుకాణములో వస్తువులను వరుసలుగా బేర్చక, ఎవరో యిప్పుడే లేచిపోయినట్లున్న గదులుగా ఆమె అమర్చుచుండెను. చిరుతపులి చుక్కల తివాసి, ఆమె పేరున బ్రసిద్ధమైన నీలిమ, అరటియాకుల నమూనా, నెపోలియను కాలపు కుర్చీ, తాతమ్మలనాటి నల్లని బల్ల. వేఱు వేఱు యుగములవి, వేఱు వేఱు దేశములవి, అన్నియు ఒక్క గదిలో పరస్పరము పలుకరించుకొనును. ఆధునిక గృహము తెల్లగోడలకును ఉక్కుగొట్టములకును దాసోహమనుచున్న దినములలో ఆమె యీ మార్గమును బట్టినది. షార్త్ర్ నగరము దాపున లేవ్ గ్రామములోని ఆమె యింట సూతీన్ చిత్రకారుడు అతిథిగా నుండి బొమ్మలు వ్రాసెను. ఆమె పద్ధతిలో నే గ్రహించిన మర్మమేమనగా, వస్తువులు సమకాలికములు గానక్కఱలేదు, సమానమూల్యములు గానక్కఱలేదు. ఒక్క మనస్సుచే ప్రేమింపబడియుండిన జాలును.

ప్రాంతభేదముచే నీ యలంకారము రూపు మాఱుచుండును. ప్రొవాంసులో రూసియ్యోఁ పరిసరపు గుట్టల జేగురుమన్ను సున్నముతో గలిపి గోడలకు బూయుదురు. లేత గంధపువన్నె మొదలు ఇటుకయెఱుపు వఱకు నన్ని ఛాయలును ఆ మట్టిలోనివే కావున, ఏ రెండును పోట్లాడవు. రొట్టెలు దాచుకొను చెక్కడపు పెట్టెను అచ్చట గోడకు దగిలింతురు. తరస్కోన్ పట్టణమున 1939లో షార్ల్ దెమెరీ చేజిక్కించుకొనిన ప్రాతకర్మాగారములో వేలకొలది అచ్చుదిమ్మెలు భద్రపఱుపబడి, సూలెయాదో పేరున నేటికిని పూలబట్టలకు బేరు నిలుపుచున్నవి. బ్రెతాఞ్ తీరమున కంపేర్ పళ్లెములమీద పల్లెదుస్తుల దంపతులు నిలువబడుదురు. అల్సాసువారు నీలపు ఎఱుపు గళ్లబట్ట నేతురు. ఆ మండలపు రిక్సైం గ్రామములోనే, 1797లో నెలకొని నేటికిని నడచుచున్న జ్యూబేర్ కర్మాగారమున, వెయ్యికి మించిన కొయ్యయచ్చులతో మన దేశపు దృశ్యములను గూర్చిన ‘హిందుస్తాన్’ గోడకాగితమును 1807లో అచ్చొత్తిరి. గంగాతీరపు మండపములను తన భోజనశాలలో నిలుపుకొన్న ఫ్రెంచి గృహస్థుని దలచినచో నా కపారమైన వాత్సల్యము గలుగును.

ఇక నిట్టి గది నమర్చుకొనదలచువారికి. మొట్టమొదట ఒక బట్టను ఎన్నుకొనవలయును; రంగుడబ్బాల దుకాణమునకు బోవుట తర్వాత. ఆ బట్టలోనుండియే గోడవన్నె, చెక్కవన్నె, చిన్నదిండ్ల వన్నె పుట్టవలెను. పెద్దపూల బట్ట యొకటి, చిన్నచుక్కల దొకటి, చారలదో గళ్లదో యొకటి. ఈ మూటికిని ఒక వర్ణము ఉమ్మడిగా నున్నయెడల, ఎంత కలిపినను గది గజిబిజి గాదు. పెద్దగదిలో బెదరుబెదరుగా నొక పరదాకు మాత్రము పూలబట్ట వాడుటకంటె, చిన్నగది నొకదానిని దీసికొని గోడలు, తెర, దుప్పటి అన్నిటికిని ఒక్క బట్టనే కట్టుట ఫ్రెంచివారి పద్ధతి. మూలలు కరిగిపోయి, ఇఱుకుగది తోటలోని పొదరిల్లగును. తెలుపు వలసినచోట సున్నపుతెలుపో నూలుతెలుపో వాడవలెను. కాగితపుతెలుపు ప్రాతవస్తువులను మురికివిగా జూపును. నడికప్పున నొక్క వెడద దీపము చాలదు, అది వన్నెల నన్నిటిని చదునుచేయును. మూలమూలల గుడ్డతొడుగుల చిన్నదీపములు నాలుగైదు క్రిందుగా నుండవలెను. ప్రాతబట్టను నేరుగా నెండలో వ్రేలాడదీయరాదు.

వస్తువుల కొఱకు ఫ్రెంచివారు అంగళ్లకంటె సంతల నాశ్రయింతురు. వేసవిలో నూరూర అటకలు ఖాళీచేయు సంతలు జరుగును. వీధిపొడవున జనులు తమ పాత పళ్లెములు, చెంబులు, కుర్చీలు, నార దుప్పట్లు పఱచుకొని కూర్చుందురు. పారిస్ ప్రక్కన సాంతువాన్ సంత ఇందుకు లోకప్రసిద్ధము. జత దప్పిన పళ్లెము లాఱు కొని గోడమీద నమర్చినయెడల, జత గల పండ్రెండింటికంటె సొగసుగా నుండును. బీటవారిన పాత్రలో పూవుల నుంచవచ్చును. రంగు పెచ్చులూడిన అలమారను గీకి కొత్తదిగా జేయుట దాని వయస్సు నపహరించుట. క్రొత్తచెక్కను గీసి, కొట్టి, ప్రాతదానివలె జూపి విక్రయించు సరకు నేడు విరివిగా దొరకుచున్నది. దానిని గొనవలదని నేను గట్టిగా జెప్పుదును. వయస్సును నటించుటకంటె నిజమైన క్రొత్తకుర్చీకి నిజమైన పసుపురంగు వేయుట మేలు.

తెలుగుదేశమున గాని, దూరదేశమున గాని యిట్టి గది గోరు మనవారు బట్టకొఱకు దూరము పోనక్కఱలేదు. మచిలీపట్టణమునకు సమీపమున పెడనలో నేటికిని కొయ్యయచ్చులతో కలంకారీ నద్దుచున్నారు. పటిక, కరక్కాయ, యినుము బెల్లముల నలుపు, నీలిమందు, దాదాపు అన్నియు బోలియ్యో, కేర్దూల లేఖలలో వర్ణితమైనవే. జూయీ కర్మాగారము 1843లో మూతపడినది. పెడనలో అచ్చుచప్పుడు వినబడుచునే యున్నది. తెరలకై బట్ట కొనునపుడు యంత్రముపై నచ్చైనది గాక చేతియచ్చునే యడుగవలెను. బట్టను వెనుదిప్పి చూచి, రంగు లోతుగా దిగినదో లేదో పరీక్షింపవలెను. పూలనమూనా అతుకు గదిసిన చోటులందు గనబడు స్వల్పపు తొట్రుపాటును దోషముగా నెంచి తిరుగగొట్టరాదు. మన వానకాలపు తేమకు గోడమీద బట్టను అతికించుట తగదు. సన్నని కొయ్యచట్రముమీద బిగించి, గోడకు నడుమ గాలియాడునట్లు నిలిపి, ఏటేట విప్పి నీడను ఆరవేసికొనవలెను. ఆ బట్ట నేలవన్నెను బట్టి గోడకు లేతపసుపో, నీలమో, గంధపువన్నెయో సున్నములో గలిపి పూయించి, అటకమీది పెట్టెను దింపి తుడిచి మంచపుగాళ్లదెస నుంచుడు.